రవ్వంత వంపు

పుటర్ మెడను ఎవరో కావాలనే వంచారన్న సంగతి, ఆఖరి రౌండు ఇంకాసేపట్లో మొదలవుతుందనగా, రిపేరు వ్యానులో బయటపడింది.

గోల్ఫ్ ఆటగాడు సూది అక్కడికి వెళ్ళింది, బంతిని గుంటలోకి నెట్టే ఆ పొట్టి కర్రకి పట్టు మార్పించుకోవడానికి. చెమటకి అరిగిపోయిన రబ్బరు పట్టు చేతిలో జారుతోంది. కొత్తది వేయించుకుంటే సరిపోతుందనుకున్నాడు. వ్యానులోని మేస్త్రి తన చేతికొచ్చిన ప్రతి కర్రనీ పెట్టినట్టే దాన్నీ అలవాటు కొద్దీ కొలత బల్ల మీద పెట్టి ముల్లు చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"ఏవయ్యా సూదీ, దీన్ని నేలకేసి కొట్టావా?"

"నా నెత్తినైనా కొట్టుకుంటాను గానీ దాన్ని కొట్టను."

"అయితే ఎవరో పనిగట్టుకుని చేశారు. పడితే వంగిన వంపు కాదిది. వైసు ఇనుప దవడల మధ్య బిగించి, గీతలు పడకుండా గుడ్డ చుట్టి, మెల్లగా తిప్పారు. తల కుడివైపుకి రవ్వంత తిరిగింది. అదీ ఒక్కసారి కాదు. వంచిన చోటే మళ్ళీ మళ్ళీ వంచారు. ఇక్కడ చూడు, ఇనుము అలిసిపోయి ఎలా ఉందో."

సూది వంగి చూశాడు. అతనికేమీ కనిపించలేదు. కానీ వేలితో తడిమితే తగిలింది, పాత గాయం మానిన చోట చర్మం తగిలినట్టు.

"దీంతో ఇన్నాళ్ళూ ఎలా వేశావయ్యా?" అన్నాడు మేస్త్రి.

"బాగానే వేశాను. ఈ ఏడాది నాకంటే బాగా వేసినవాడు లేడు."

"అదే నాకు అంతుపట్టడం లేదు."

సూదికి ఆ మాట చెవికెక్కలేదు. కోపం అప్పటికే తలకెక్కింది. "సరిచెయ్యి," అన్నాడు. "నా పుటర్ నాకు ఎలా ఇచ్చారో అలా చెయ్యి. ఈ పని చేసినవాడి సంగతి ఆట అయ్యాక చూస్తాను."

మేస్త్రి సరిచేశాడు. సూది దాన్ని చంకలో పెట్టుకుని దిగబోతూ కుడి భుజాన్ని వ్యాను తలుపుకి గుద్దుకున్నాడు. "ఈ మధ్య తలుపులన్నీ ఇరుకైపోతున్నాయి," అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

అతనికి ఆ పేరు రావడానికి ఒక కథ ఉంది. వాళ్ళ నాన్న దర్జీ. చూపు మందగించిన రోజుల్లో సూదిలో దారం ఎక్కించి పెట్టింది కొడుకే. ఒక్కసారికే ఎక్కించేవాడు, దారం కొస తడి చెయ్యకుండా. ఆటలోకి వచ్చిన కొత్తలో ఎవరో, "అంత దూరం నుంచి హోలులో ఎలా వేస్తావు?" అని అడిగితే, "సూదిలో దారం ఎక్కించినట్టే," అన్నాడు. అంతే, పేరు స్థిరపడిపోయింది. డ్రైవర్‌ అనే పొడవాటి కర్రతో అతనికంటే దూరం కొట్టేవాళ్ళు ప్రతి టోర్నమెంటులోనూ డజన్ల కొద్దీ ఉంటారు. కానీ గ్రీన్ మీదికి, అంటే హోలు చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డి మీదికి, బంతి చేరాక అతన్ని మించినవాడు లేడు. పుటర్ అందుకున్నాడంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. అతని ఇల్లు, పిల్లల చదువులు, గోడ మీది కప్పులు, అన్నీ ఆ పొట్టి కర్ర సంపాదించినవే.

పోయిన ఏడాది ఆ గురి తప్పింది. చిన్నపిల్లలైనా వేయగలిగే బంతులు కూడా హోలుకి ఎడమ పక్కగా జారిపోయాయి. "సూదికి తుప్పు పట్టింది" అని పేపర్లో రాశారు. ఈ ఏడాది మొదట్లో ఉన్నట్టుండి గురి తిరిగి వచ్చింది. ఎలా పోయిందో తెలియనట్టే ఎలా వచ్చిందో కూడా అతనికి తెలియదు. పట్టుదలతో వచ్చిందనుకున్నాడు. వచ్చిన అదృష్టాన్ని ఎవరైనా జాతకం అడుగుతారా?

ఇవాళ్టిది ఏడాదికి ఆఖరి టోర్నమెంటు. పట్టికలో గీతకి పైన ఉన్నవాళ్ళకే వచ్చే ఏడాది ఆడే కార్డు దక్కుతుంది. కింద పడ్డవాళ్ళు మళ్ళీ మొదటి మెట్టు నుంచి, తమ పిల్లల వయసు వాళ్ళతో అర్హత పోటీలు ఆడుకుంటూ రావాలి. గట్టి మొదలు తర్వాత మధ్యలో నడుం నొప్పితో కొన్ని వారాలు మంచాన పడ్డ సూది సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాడు. నలభై ఆరేళ్ళ వయసులో కింద పడితే లేచేది లేదు. ఇవాళ నిలబెట్టుకోవాలి, లేదా సంచి అటకెక్కించాలి.

ప్రాక్టీసు గ్రీన్ మీద అతని బావమరిది బంతులు పేర్చి పెట్టాడు. పెళ్ళయిన కొత్త నుంచీ సూదికి క్యాడీ అతనే. సంచి మోస్తాడు, గాలి చూస్తాడు, దూరం లెక్కగట్టి ఏ కర్ర వాడాలో చెబుతాడు, సాయంత్రం కర్రలన్నీ తుడిచి తాళం వేస్తాడు. ఇద్దరికీ ఒక్కటే ఒప్పందం. గ్రీన్ మీద అతను నోరెత్తకూడదు. "మిగతా మైదానమంతా నీది. గ్రీన్ నాది," అని మొదటి రోజే చెప్పాడు సూది. మిగతా క్యాడీలు గ్రీన్ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆటగాళ్ళకి దారి చూపిస్తారు. సూది క్యాడీ మాత్రం హోలులో గుచ్చి ఉండే జెండా తీసి పట్టుకుని పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డ చుట్టంలా నిలబడతాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, మన కర్రని ఎవడో వంచాడు," అన్నాడు సూది గొంతు తగ్గించి.

బావమరిది చేతిలో బంతి జారింది. "ఎవరు చెప్పారు?"

"మేస్త్రి పట్టుకున్నాడు. సరిచేయించాను."

"సరిచేయించేశావా!"

"మరి? దండ వేసి పూజ చెయ్యనా?"

"కాదు బావా... అలవాటైన కర్ర కదా. ఈ ఒక్క రోజూ అలాగే ఉంచుకోవాల్సింది."

"మతి పోయిందా? రోజూ విషం పెడుతున్నాడు కదా అని రుచి అలవాటు చేసుకోమంటావా?"

సూది బంతి వేశాడు. ఎడమకి పోయింది. ఇంకోటి వేశాడు. ఎడమకే. మూడోది కూడా మొదటి రెండిటి వెనకే, బడికెళ్ళే పిల్లల్లా వరసగా వెళ్ళి ఆగింది.

"కోపంలో ఉన్నాను, అందుకే," అన్నాడు.

బావమరిది చెయ్యి చాచాడు. "రెండు నిమిషాలు ఆగు బావా. ఆ పుటర్ ఇలా ఇవ్వు. వ్యాను దాకా వెళ్ళొస్తా."

అప్పుడే మైకులో పేరు పిలిచారు. మొదటి దెబ్బ కొట్టాక రౌండు పూర్తయ్యేదాకా ఏ కర్రనీ వంచకూడదు, మార్చకూడదు. అది ఆట చట్టం. బావమరిది వ్యాను వైపు, మైకు వైపు మార్చి మార్చి చూసి, సంచి భుజానికెత్తుకున్నాడు.

ఇవాళ సూదికి జోడీగా పడ్డవాణ్ణి అందరూ పొడుగు అంటారు. తాటిచెట్టంత మనిషి. ఇరవయ్యేళ్ళ నాటి పోటీదారు. ఒకప్పుడు చేతికొచ్చిన పెద్ద కప్పును సూది వేసిన ఆఖరి బంతికి పోగొట్టుకున్నాడు. లాకరు గదిలో ఇద్దరివీ పక్కపక్క అరలు. అన్నిటికీ మించి, తన కర్రలు తనే బాగుచేసుకునే మనిషి. ఇంట్లో సొంత వైసు ఉంది. సూది లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. ఇక సాక్ష్యం ఒక్కటే తక్కువ.

"ఏం సూదీ, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు పొడుగు చెయ్యి కలుపుతూ.

"కొందరి పుణ్యమా అని పట్టలేదు."

పొడుగు నవ్వాడు. ఆ నవ్వు సూదికి పుండు మీద కారంలా తగిలింది.

ఆట మొదలైంది. దూరపు దెబ్బలు పట్టాలెక్కినట్టు నేరుగా పోయాయి. గ్రీన్ మీదికి వచ్చేసరికి మాత్రం పోయిన ఏడాది పీడకల మళ్ళీ లేచి కూర్చుంది. సూదికి కర్ర తలకాయ వంక చూసే అలవాటు లేదు. కళ్ళు హోలు మీద, అరచేతులు పట్టు మీద. అంతే అతని విద్య. ఆ విద్యే ఇవాళ అబద్ధమాడుతోంది. హోలుకేసి కొట్టిన ప్రతి బంతీ ఎడమ అంచు రాసుకుంటూ పోతోంది.

తప్పిన ప్రతిసారీ పొడుగు ఏదో అనబోయి, పెదాలు బిగించి పక్కకి తిరిగిపోతున్నాడు. సూది అది గమనిస్తూనే ఉన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడు, దొంగ వెధవ, అనుకున్నాడు.

"మేస్త్రి గానీ తప్పుగా సరిచేశాడంటావా?" అని సగం ఆటలో బావమరిదిని అడిగాడు.

"లేదు బావా. కర్ర బాగానే ఉంది."

"చూడకుండానే చెబుతున్నావే!"

బావమరిది బాటిల్ మూత తీసి నీళ్ళందించాడు.

ముందు రోజుల్లో కూడబెట్టుకున్న ఆధిక్యం చిల్లు కుండలో నీళ్ళలా కారిపోయింది. ఆఖరి హోలు దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద లెక్క పసిపిల్లకి కూడా అర్థమయ్యేలా ఉంది. ఈ ఒక్క బంతి పడితే కార్డు. పడకపోతే ఇంటికి. దూరం చూస్తే మనిషి పొడవుకి కాస్త ఎక్కువ. ఒకప్పుడు మాట్లాడుతూ వేసేవాడు.

సూది నిలబడ్డాడు. వెనక నుంచి గొంతు వినిపించింది.

"బావా."

"గ్రీన్ మీద నోరు..."

"ఈ ఒక్కసారి. హోలుని మర్చిపో. కుడివైపు ఎండిన గడ్డిపోచ ఉంది చూడు, హోలుకి బెత్తెడు అవతల. దానికి కొట్టు."

"అది ఎక్కడో ఉంది కదరా!"

"నీకు అక్కడుంది," అన్నాడు బావమరిది. "నన్ను నమ్ము బావా. ఇంకెప్పుడూ నమ్మొద్దు. ఈ ఒక్కసారి నమ్ము."

సూది వెనక్కి తిరిగి అతని మొహం చూశాడు. తర్వాత గడ్డిపోచను చూశాడు. తన కన్ను కాదంటున్న చోటికి, ఇన్నేళ్ళలో మొదటిసారి, మరొకరి కన్నుతో కొట్టాడు.

బంతి హోలు నడిబొడ్డున పడింది.

చుట్టూ ఉన్న జనం లేచి చప్పట్లు కొట్టారు. సూది మాత్రం హోలులోంచి బంతి తీయకుండా బావమరిదినే చూశాడు. ఎంత తప్పుతోందో వీడికి తెలుసు. ఇంచుమించుగా కాదు, బెత్తెడని తెలుసు.

స్కోరు గుడారంలో ఇద్దరూ ఒకరి స్కోరు కార్డు ఒకరు సరిచూసుకుని సంతకాలు పెట్టారు. సూది కలం కింద పెట్టేదాకా పొడుగు ఆగాడు. పెట్టగానే అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"మొదటి హోలు నుంచీ చెప్పాలని నోరు పీకేస్తోంది. ఆట మధ్యలో సలహా ఇస్తే నాకు పెనాల్టీ. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు, ఏమనుకోకు."

"ఏం చెప్పాలి? నా కర్ర వంచావనా?"

"నీ కర్రా?" పొడుగు నిజంగానే వెర్రిమొహం వేశాడు. "కర్రకేం, బ్రహ్మాండంగా ఉంది. తేడా నీలో ఉంది. నువ్వు హోలుకి నిలబడటం లేదు సూదీ. ఎడమకి నిలబడి హోలు అదేననుకుంటున్నావు. వెనక నుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది. ఒక్కో కన్ను మూసి ఆ జెండా కర్ర చూడు."

సూది కుడి కన్ను మూశాడు. జెండా కర్ర నిటారుగా ఉంది. ఎడమ కన్ను మూశాడు.

కర్ర నడిమధ్యలో వంగి ఉంది. ఎవరో వైసులో బిగించి మెల్లగా తిప్పినట్టు.

ప్రథమ చికిత్స గదిలో డాక్టరమ్మ బెణుకులకీ వడదెబ్బలకీ అలవాటు పడ్డ మనిషి. అయినా సూది చెప్పింది వింటూనే నవ్వు ఆపేసింది. గళ్ళ గీతలున్న అట్ట ఒకటి చూపించి కుడి కంటితో చూడమంది. నడుమ గీతలన్నీ రాయి పడ్డ నీళ్ళలా చెదిరి కనిపించాయి. మధ్యలో ఒక చోట అసలు గీతలే లేవు.

"ఎన్నాళ్ళయింది?"

"తెలీదమ్మా. రెండు కళ్ళతో బాగానే కనిపిస్తోంది."

"కనిపిస్తుంది. మంచి కన్ను చెడ్డదాని తప్పు కప్పేస్తుంది. కానీ కుడివైపు తలుపులూ గోడలూ తగులుతూ ఉంటాయి." ఆమె అట్ట బల్ల మీద పెట్టింది. "కంటి వెనక పొర చెడింది. మొదట్లోనే వచ్చుంటే ఇంజెక్షన్లతో ఆపేవాళ్ళు. పోయిన చూపు తిరిగి రాదండీ. మిగిలింది నిలబెట్టుకోవాలంటే రేపే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆట గురించి నన్నడక్కండి. నాకు తెలీదు, అబద్ధం చెప్పలేను."

సూది బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. దాని చోట లెక్క ఒకటి నెమ్మదిగా తేలుతోంది. కన్ను ఎడమకి లాగింది. కర్రని కుడికి తిప్పారు. కన్ను ఇంకాస్త లాగింది. ఇంకాస్త తిప్పారు. అది శత్రువు లెక్క కాదు. శత్రువుకి అంత ఓపిక ఉండదు. ఇన్నేళ్ళు తన వెనక నిలబడి, తన ప్రతి బంతినీ చూసి, సాయంత్రం కర్రలన్నీ తుడిచి తాళం వేసిన మనిషి లెక్క అది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ తనని తనే పట్టిచ్చాడు, ఆఖరి గ్రీన్ మీద, బావకి కార్డు తెచ్చిపెట్టడం కోసం.

సంచులు పెట్టే గదిలో బావమరిది ఒక్కడే ఉన్నాడు. కర్రలన్నీ తుడిచి బల్ల మీద వరసగా పెట్టాడు. పుటర్ ఒక్కటీ విడిగా ఉంది. సూది రావడం చూసి లేచి నిలబడ్డాడు గానీ ముందుకి రాలేదు.

సూది బల్లకి ఇవతల కూర్చున్నాడు. పుటర్ మెడను బొటనవేలితో రాశాడు.

"మా నాన్న ఒకరోజు ఎవరిదో కోటు గుడ్డ అడ్డంగా కత్తిరించేశాడు," అన్నాడు. "గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. కత్తెర పక్కన పెట్టాడు. మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పోయేదాకా పేపర్ చదువుకున్నాడు. ఆ తప్పు ఆయనకి కనపడనివ్వకుండా ఎవరూ దాచలేదు. అందుకే." తలెత్తాడు. "నేను అడగను రా. నువ్వే చెప్పు."

బావమరిది గోడకి ఆనుకున్నాడు. ఏడవలేదు. ఎప్పుడో ఏడ్చేసినవాడి గొంతుతో చెప్పాడు.

"నేనే బావా. ఎవరి మీదా అనుమానపడకు, నేనే. పోయిన ఏడాది వానల్లో నువ్వు వరసగా ఎడమకి వదిలేస్తున్నప్పుడు నడుమేమో అనుకున్నా. తర్వాత ఈ ఏడాది మొదట్లో ఒకరోజు హోటల్లో నువ్వు నీళ్ళు గ్లాసు పక్కన పోశావు. పోసి, బల్ల కదిలిందన్నావు. బల్ల కదల్లేదు. అప్పుడే తెలిసిపోయింది కన్నని. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ సాయంత్రమే నువ్వన్నావు, గురి పోయిన రోజున కర్ర పారేస్తానని. పారేస్తే నేనేం కావాలి బావా? నీ సంచి మోస్తేనే నేను క్యాడీని. దించితే ఎవణ్ణి? అదీ నాకు ముందు తోచింది. నీ కన్ను కాదు. నా బతుకు.

"ఊరి చివర ఒక షెడ్డులో వైసు ఉంటే వాడుకున్నా. నా బనీను చింపి చుట్టా. ఒక్కసారే అనుకున్నా. మర్నాడు నువ్వు వేసినవన్నీ పడ్డాయి. పేపర్లో నీ ఫోటో వేశారు. అక్క ఫోన్ చేసి సంతోషం పట్టలేక ఏడ్చింది. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను? గుడ్డికన్నా మెల్ల నయమని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. నీ కన్ను కొంచెం దిగేది, నేను కొంచెం వంచేవాణ్ణి. మళ్ళీ దిగేది, మళ్ళీ వంచేవాణ్ణి. నీ కన్ను ఎంత పోయిందో ఏ డాక్టరుకీ తెలీదు బావా, నాకు తెలుసు. ఆ ఇనుము మీద నా చేత్తో కొలిచాను. పోతోందని తెలిసే కొలిచాను. ఆసుపత్రికి పట్టుకెళ్ళాల్సిన చేత్తో వైసు తిప్పాను. నీ గురి నిలబెడుతున్నాననుకున్నా. నీ కన్ను తీసేసింది నేను.

"కొట్టాలనిపిస్తే కొట్టు, తప్పించుకోను. రేపు ఆసుపత్రికి నాతో రానంటే ఇంకెవరితోనైనా వెళ్ళు, కానీ వెళ్ళు. అక్కకి మాత్రం నువ్వు చెప్పకు. అక్కకి నేనే చెబుతా. ఈ ఒక్కటైనా నన్ను చెప్పనీ."